దేశం పేరు చెప్పి

మిషను పేటలో పుట్టిన జ్ఞానరాజుని బడిలో పిల్లలు "దొరల బిడ్డ" అనేవారు. వాళ్ల నాన్న చర్చిలో గంట కొట్టుకుని బతికినవాడు, దొరల మొహమే ఎరగడు. అయినా ఆగస్టు పదిహేనున జెండా ఎగరేస్తుంటే పక్క వరసలోంచి ఎవడో ఒకడు, "నీ జెండా లండన్‌లో ఉంది కదరా, ఇక్కడ నిలబడ్డావేటి?" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు జ్ఞానరాజు ఒంట్లో ఎక్కడో ముల్లులా విరిగి ఉండిపోయింది. మీసాలు రాగానే మిలట్రీలో చేరాడు.

డెబ్భై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దున ఎడమచేతి వేళ్లు మూడు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. నర్సీపట్నంలో బస్సు దిగేసరికి బ్యాండు మేళం, బంతిపూల దండలు. పంచాయతీ సమితి ప్రెసిడెంటు మన్మథరావు జీపులో తన పక్కనే కూర్చోబెట్టుకుని, వేళ్లు లేని ఆ చేతిని పైకెత్తి చూపిస్తూ ఊరంతా తిప్పాడు. చిన్నప్పుడు నవ్విన వాళ్లే రోడ్డు పక్కన నిలబడి దండం పెట్టారు. ఆ రోజు నుంచి అతను మిలట్రీ జ్ఞానరాజు. మన్మథరావు అతనికి సమితి ఆఫీసులో అటెండరు ఉద్యోగం కూడా వేయించాడు.

డెబ్భై ఆరులో, ఎమర్జెన్సీ రోజుల్లో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇన్ని చేయించి తీరాలని సమితికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జనం ఆఫీసు జీపు కనబడితే చాలు, చెరుకు తోటల్లో దూరుతున్నారు. మన్మథరావు జ్ఞానరాజుని గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. అటెండరుకి ఆ గదిలో కుర్చీ ఇవ్వడం అదే మొదలు.

"జనం మా మాట నమ్మరు. నీ మాట నమ్ముతారు. దేశం కోసం వేళ్లిచ్చినోడివి. ఈ పనీ దేశం కోసమే."

దేశం కోసం అన్నాక జ్ఞానరాజు కాదనలేదు. ముందు తనే వెళ్లి చేయించుకున్నాడు. ఇద్దరు కొడుకులు ఉన్నారు, చాలనుకున్నాడు. తర్వాత ఊరూరా తిరిగాడు. మనుషులు ఎక్కువై తిండి చాలకపోతే తుపాకీ పట్టినా దేశం నిలవదని అరుగుల మీద కూర్చుని చెప్పాడు. చెప్పిందల్లా నమ్మే చెప్పాడు.

గొలుగొండలో మంగరాజు అని చెరుకు రైతు ఒకడు ఉండేవాడు. పడుచువాడు. ఒక్కతే కూతురు, ఇంకా చంకలో పిల్ల. జ్ఞానరాజు ఎప్పుడు వెళ్లినా బెల్లం పాకం ఇచ్చి, యుద్ధం కబుర్లు అడిగేవాడు. "నువ్వు సేయించుకో అంటే సేయించుకుంటాను అన్నా. నువ్వు నాకు సెడ్డ సెప్తావేటి?" అన్నాడు.

ఒక్క పిల్ల ఉన్నవాడికి ఎందుకని జ్ఞానరాజుకి అనుమానం వచ్చింది. వెళ్లి మన్మథరావుని అడిగాడు.

"సరిహద్దులో నువ్వు ఇన్ని అనుమానాలు పడ్డావేటి? పొమ్మంటే పోలా? తీసుకురా, బేగి."

తీసుకొచ్చాడు. బడి గదుల్లో క్యాంపు. బయట వాన. సాయంత్రం లోపు లెక్క పూర్తి కావాలని ఒకడి తర్వాత ఒకణ్ని బల్లెక్కిస్తున్నారు. కత్తులు మరగబెట్టే నీళ్లు చల్లారిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. మంగరాజు లోపలికి వెళుతూ గుమ్మంలో ఆగి, పిల్లలు మాస్టారికి చేసినట్టు జ్ఞానరాజుకి సెల్యూట్ కొట్టి నవ్వాడు.

వారం తిరక్కుండా మంగరాజుకి దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం. ఒళ్లు విల్లులా వంగిపోయి, మాట రాక, కళ్లతోనే పిల్లని వెతుక్కుంటూ చచ్చిపోయాడు. భార్య వరలక్ష్మమ్మ ఏడవలేదు. వాకిట్లో నిలబడ్డ జ్ఞానరాజు వైపు అలా చూస్తూ ఉండిపోయింది.

విచారణకి పైనుంచి ఆఫీసరు వస్తున్నాడని తెలిసి మన్మథరావు మళ్లీ కుర్చీ చూపించాడు. "పొలంలో మేకు గుచ్చుకుంది. అంతే. నువ్వు సాక్షివి."

"నాను సూడలేదండీ మేకు."

"సూడక్కర్లేదు. దేశం పరువు పోతాది. మిలట్రీవోడివి, నీకు సెప్పాలేటి?"

జ్ఞానరాజు ఆఫీసరు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆఫీసరు విన్నాడు. కాఫీ తాగాడు. మేకు అనే రాసుకుని వెళ్లాడు. ఆ నెలాఖరుకే జ్ఞానరాజుని ఉద్యోగంలోంచి తీసేశారు. "మిషనోళ్లు ఎంతైనా మిషనోళ్లే. దేశమంటే ఆళ్లకి లెక్కేటి?" అని ఆఫీసు వరండాలో ఎవరో అన్న మాట, గేటు దాటుతున్న అతనికి స్పష్టంగా వినబడింది.

బస్టాండు దగ్గర బడ్డీ పెట్టి టీ అమ్ముకున్నాడు. మిషను బడిలో టీచరుగా ఉన్న భార్య సువర్ణమ్మ జీతంతో పిల్లలు చదువుకున్నారు. ఎమర్జెన్సీ పోయింది. ఉత్తరాదిన పెద్ద పెద్దవాళ్లు ఎన్నికల్లో కూలిపోయారని రేడియోలో విన్నాడు. ఇక్కడ మాత్రం ఎవరూ కూలలేదు. మన్మథరావు జీపు మారింది, అంతే.

ఎనభై మూడు ఎన్నికల ముందు ఒక మధ్యాహ్నం ఆ జీపు బడ్డీ ముందు ఆగింది. మన్మథరావు కొత్త పార్టీ కండువా వేసుకుని దిగి, టీ అడిగి, బెంచీ మీద చతికిలబడ్డాడు.

"మంగరాజు కత సభలో సెప్పాలి నువ్వు. ఆ పాత ప్రభుత్వం జనాన్ని ఎలా సంపిందో తెలియాలి."

"సేయించింది మీరే కదండీ."

"పైవోళ్లు సెప్పారు, సేశాను. ఇప్పుడు దేశం బాగుపడే రోజులొచ్చాయి. నీలాంటి దేశభక్తుడు ఒక్క మాట సెప్తే సాలు."

అన్నేళ్లలో ఆ మాట చెప్పడానికి అతనికి ఒక్క చెవి దొరకలేదు. ఇప్పుడు మైకే దొరుకుతోంది. ఆ రాత్రి అన్నం పెడుతూ సువర్ణమ్మ అంది: "ఎల్లకండి. ఆ మైకు మీది కాదు." అతను వినలేదు.

సభకి మైదానం నిండింది. వేదిక మీద ఒక చివర వరలక్ష్మమ్మ కూర్చుని ఉంది. ఆమెని తీసుకొస్తారని జ్ఞానరాజుకి తెలియదు. వయసుకి మించి వాడిపోయింది. చెరుకు నరికీ నరికీ చేతులు గీతలు పడి ఉన్నాయి. అతన్ని చూసి తల తిప్పుకుంది.

జ్ఞానరాజు మైకు ముందు నిలబడ్డాడు. మంగరాజు ఎవరో చెప్పాడు. ఎలా చచ్చిపోయాడో చెప్పాడు. జనం నిశ్శబ్దంగా విన్నారు. "ఆణ్ని బల్ల దాకా నడిపించినోణ్ని నాను. దేశం పేరు సెప్పి నడిపించాను. నాకు ఆ పేరు సెప్పి పంపించినోడు ఇదిగో, ఈ కుర్చీలో..." అని మన్మథరావు వైపు చెయ్యి చాచాడు. మైకు ఆగిపోయింది. అతను ఇంకా ఏదో అరుస్తున్నాడు గాని ముందు వరసకి తప్ప వినబడలేదు. ఇద్దరు కార్యకర్తలు మర్యాదగానే భుజాలు పట్టుకుని కిందికి దింపారు.

మైకు మళ్లీ పలికింది. మన్మథరావు గొంతు గద్గదమైంది. "పాపం, మన జ్ఞానరాజు! యుద్ధంలో వేళ్లతో పాటు మతి కూడా పోగొట్టుకున్నాడు. దేశం కోసం మతి ఇచ్చిన వీరుడికి గట్టిగా చప్పట్లు కొట్టాలి!"

మైదానం అంతా చప్పట్లు కొట్టింది.

సభ అయ్యాక బస్టాండులో వరలక్ష్మమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. మంగరాజు పోయాక అతనితో ఆమె మాట్లాడడం అదే మొదటిసారి.

"మన్మథరావు గారు బడిలో ఆయా ఉద్యోగం వేయిస్తానన్నారు. స్టేజీ మీద ఊరికే కూకుంటే సాలన్నారు. కూతురు ఎదుగుతోంది, కత్తి పట్టలేక ఒప్పుకున్నాను. ఇప్పుడు ఇస్తారేటి?" ఆమె గొంతులో కోపం కూడా లేదు. "అప్పుడు దేశం అన్నావు, నా మొగుడు పోయాడు. ఇప్పుడు నిజం అన్నావు, నా కూడు పోయింది. నీకేం, నువ్వెప్పుడూ మంచోడివే అన్నాయ్."



తెల్లారాక జ్ఞానరాజు మన్మథరావు ఇంటికి వెళ్లాడు. వరండా నిండా మనుషులు. మెట్ల కింద నిలబడి, చేతులు కట్టుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు: "బాబూ, నిన్న నాను ఏదేదో వాగేశాను. నాకు మతి సరిగ్గా ఉండదు. యుద్ధం నుంచీ ఇంతే. ఆ కోపం ఆ ఆడకూతురి మీద పెట్టుకోకండి."

 మన్మథరావు పక్కవాళ్ల వైపు తిరిగి, "నాను సెప్పలేదేటి?" అన్నాడు.

బళ్లు తెరిచేసరికి వరలక్ష్మమ్మకి ఉద్యోగం వచ్చింది. జ్ఞానరాజుకి మతి లేదన్న మాట నర్సీపట్నంలో స్థిరపడిపోయింది. టీ తాగడానికి వచ్చినవాళ్లు అతని మాటలకి ముందే నవ్వడం మొదలుపెట్టేవారు. కొడుకులు ఆ బడ్డీ వైపు రావడం తగ్గించారు. సువర్ణమ్మ మాత్రం బడి విడిచాక వచ్చి పక్కన కూర్చునేది. 

మొదటి జీతం అందుకున్న రోజున వరలక్ష్మమ్మ బడ్డీ దగ్గరికి వచ్చింది. బెంచీ చివర కూర్చుంది. అతను టీ ఇచ్చాడు. ఇద్దరిలో ఎవరూ మంగరాజు పేరు ఎత్తలేదు. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, ఆమె గొలుగొండ బస్సెక్కింది.