రజాయికి రెండు వాటాలు

నాకు ముక్కు మీదే కోపం. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు నా పక్కన పనిచేసినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. కానీ ఆ సోమవారం నా కోపానికి అర్థం ఉంది. మా ఆయన వాకిట్లో వ్యాన్ కడుగుతున్నారు. కడిగిన వ్యాన్‌నే మూడోసారి కడుగుతున్నారు, నోట మాట లేకుండా. అరిచే మనిషితో అయితే ఎలాగో వేగుతాను గానీ, ఇలా మూగనోము పట్టిన మనిషితో నా వల్ల కాదు.

ఆయన బాధ నాకు తెలియక కాదు. స్కూలు బస్సు డ్రైవరుగా ఒకే రోడ్డు మీద జీవితమంతా తిరిగారు. అవే మలుపులు, అవే గుంతలు, చివరి స్టాపు దగ్గర బస్సు తిప్పుకుని వెనక్కి రావడం. ఆ స్టాపు దాటాక రోడ్డు ఎటు పోతుందో చూడాలని ఆయన కోరిక. నాకూ ఉంది. మా లాండ్రీ నేల కింద గది, కిటికీ కూడా లేదు. కళ్ళు తెరవగానే కిటికీలో ఒక కొండ కనిపిస్తే ఎలా ఉంటుందో అని ఎన్నిసార్లు అనుకున్నానో. అందుకే రిటైరయ్యాక ఒక పాత పాల వ్యాన్ కొన్నాం. ఆయన లోపల పడుకునే బల్ల బిగించి, పొయ్యి అమర్చారు. నేను కర్టెన్లు కుట్టాను.

పోయిన నెల మొదటి ప్రయాణం, మొదటి రాత్రికే కొంప మునిగింది. కొండల దగ్గర ఎముకలు కొరికే చలి. బల్ల మీద స్పాంజి పరుపు, మా మీద రజాయి, దాని మీద నాలుగు దుప్పట్లు. ఆ బరువుకి అటు తిరగలేం, ఇటు తిరగలేం. అయినా వీపు మాత్రం మంచుగడ్డే. తెల్లారేసరికి మా ఆయన నడుము పట్టేసింది. వ్యాన్‌లోంచి పసిపిల్లాడిలా పాకుతూ దిగారు. మా అమ్మాయి రెండు గంటలు కారు నడుపుకుని వచ్చి మమ్మల్ని, ఒక డ్రైవరుని పెట్టి వ్యాన్‌నీ ఇంటికి చేర్చింది.

అమ్మాయి నర్సు. చిన్నప్పటినుంచీ దాని మాటే తీర్పు కాబట్టి మేం దాన్ని జడ్జిగారు అంటాం. ఇంటికొచ్చి, వాళ్ళ నాన్న నడుముకి కాపడం పెట్టి, అప్పుడంది.

"ఈ వయసులో ఎందుకు నాన్నా ఇవన్నీ? ఇంకోసారి ఇలా పట్టేస్తే నువ్వు మంచం దిగవు. వ్యాన్ అమ్మేద్దాం. పూలకొట్టాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. నెలాఖరు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చి తీసుకెళ్ళమంటాను."

ఈయన సరేనన్నారు. కూరలో ఉప్పు తక్కువైతే వీధంతా వినపడేలా అరిచే మనిషి, దీనికి మాత్రం తలూపి ఊరుకున్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ నెలాఖరు ఆదివారం ఇంకో ఆరు రోజులుందనగా, ఆ సోమవారం, అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఒక్క ఛాన్సు ఇవ్వు తల్లీ. శనివారం రాత్రి మన వాకిట్లోనే వ్యాన్‌లో పడుకుంటాం. ఇక్కడా మంచు కురుస్తూనే ఉందిగా. ఆదివారం పొద్దున నువ్వే వచ్చి చూడు."

"నీకెందుకమ్మా అంత పంతం?"

"పంతం కాదే. మీ నాన్న మాట్లాడ్డం మానేశారు."

సరేనంది. తర్వాత షరతులు వచ్చాయి. పొయ్యి వెలిగించకూడదు. "మూసిన వ్యాన్‌లో పొయ్యి పెట్టుకుని పడుకుంటే పొద్దున లేవరు. అలాంటివాళ్ళని తీసుకొచ్చినప్పుడు డ్యూటీలో ఉన్నదాన్ని నేను," అంది. మధ్యలో ఇంట్లోకి రాకూడదు. పొద్దున తను వచ్చి చూస్తుండగా నాన్న నడుము పట్టుకోకుండా తనంతట తాను దిగాలి. ఏ ఒక్కటి తప్పినా వ్యాన్ పూలకొట్టుకే.

మా ఆయనకి చెబితే, కడుగుతున్న గుడ్డ అక్కడే పడేశారు. "అయితే ఇంకో నాలుగు దుప్పట్లు వేసుకుందాం," అన్నారు. మర్నాడు బజారుకెళ్ళి స్లీపింగ్ బ్యాగు కూడా తెచ్చారు. దాంట్లో దూరితే మంచు మీదైనా పడుకోవచ్చని కొట్టువాడు చెప్పాడట. హాల్లోనే దూరి చూశారు. జిప్పు పొట్ట దగ్గర ఇరుక్కుంది, పైకి రాదు, కిందికి పోదు.

"నవ్వుతావేంటి, లాగు! ఊపిరాడట్లేదిక్కడ!" అని అరిచారు.

నెల తర్వాత విన్న ఆ అరుపు నాకు ఎంత హాయిగా ఉందో! కావాలనే ఇంకాసేపు ఆగి లాగాను. సంచీ అదే రోజు కొట్టుకి వెనక్కి వెళ్ళింది.

బుధవారం తెల్లవారుజామున, ఆయన లేవకముందు, నేనొక్కదాన్నే వ్యాన్‌లోకి వెళ్ళి పడుకుని చూశాను. ఆరు దుప్పట్లు కప్పుకున్నాను. గంట గడిచేసరికి వీపు జివ్వుమంది. చిర్రెత్తుకొచ్చి లేచి, పరుపు ఎత్తి, అడుగున చెయ్యి పెట్టాను. లాండ్రీలో దుప్పటి ఆరిందో లేదో అరచేత్తో చూడం, అరచెయ్యి మోసం చేస్తుంది. చేతి వెనక వైపు ఆనిస్తే చెమ్మ ఎక్కడా దాక్కోలేదు. పరుపు అడుగు తడిగా ఉంది. బల్ల కూడా తడే.

"ఏవండీ! లేవండి! దొంగ దొరికాడు!" అని కేక పెట్టాను.

ఆయన చేతికర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "ఎక్కడ? ఎటెళ్ళాడు?"

"పరుపు కింద. చలి పైనుంచి రావట్లేదండీ, కిందనుంచి వస్తోంది. మనం ఉన్న దుప్పట్లన్నీ పైన వేసుకుని కూర్చున్నాం."

"జానెడు స్పాంజి వేశాను కదే!"

"మీరు పడుకుంటే అది జానెడెక్కడుంటుంది? కాగితమైపోతుంది."

ఆయన నా వైపు గుర్రుగా చూసి, పరుపు అడుగున తానూ చెయ్యి పెట్టి, రంపం తేవడానికి వెళ్ళారు. సాయంత్రానికల్లా బల్ల తీసేసి, మధ్యమధ్య వేలెడు సందులతో చెక్క పట్టీలు బిగించారు, గాలి ఆడేలా. వాటి మీద ఉన్ని కంబళ్ళు రెండు మడతలుగా పరిచాను. స్పాంజి తీసేసి, వాటిపైన గట్టి దూదిపరుపు వేశాను. పక్కబట్టలు ఇనప గోడకి తగలకుండా కాస్త ఇవతలికి జరిపాను. పైకి ఒక్క రజాయి చాలు అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఇద్దరం పడుకుని చూశాం. వీపు వెచ్చగానే ఉంది. కానీ ఆ రజాయితో ఇంకో తంటా. మా ఆయన పొట్ట ఒక కొండ, నేనేమో పుల్ల. మధ్యలో రజాయి గుడారంలా లేచి, ఆ సందులోంచి గాలి సర్రున దూరుతోంది. ఆయన అటు తిరిగితే నా సగం కూడా ఆయనతోనే పోతుంది. ఇంట్లో అయితే నాలుగు గోడలుంటాయి కాబట్టి ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాను. లేచి వెళ్ళి పెద్ద కత్తెర తెచ్చాను.

"ఏంటది? ఏం చేస్తున్నావ్?"

"దీన్ని రెండు చేస్తాను. ఎవరిది వాళ్ళకి."

ఆయన ముఖం చూడాలి మీరు! "ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే రజాయి కింద పడుకున్నాం. ఇప్పుడు వాటాలేంటే? జనం వింటే ఏమనుకుంటారు?"

"జనం వచ్చి మనతో పడుకోరు. ఇది కావాలా, వ్యాన్ కావాలా?"

నాకూ మనసొప్పలేదని ఒప్పుకుంటాను. ఎన్నిసార్లు దూది ఏకించి, గలీబు మార్చి కాపాడుకున్నానో ఆ రజాయిని. కళ్ళు మూసుకుని మొదటి కత్తిరింపు వేశాను. ఆయన మూతి ముడుచుకుని బయటికెళ్ళిపోయారు. నేను అంచులు కుట్టేసి, పాదాల దగ్గర గాలి దూరకుండా సంచీలా మూసేశాను. చీకటి పడే వేళకి ఆయన టేపు పట్టుకుని వచ్చారు.

"నా వాటా జానెడు పొడుగ్గా ఉండాలి. నా కాళ్ళు పెద్దవి," అన్నారు, ఎటో చూస్తూ.

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. పాత కంబళి ముక్క ఒకటి అతికి పొడుగు చేశాను.

శనివారం తొందరగా తిని, పగలు వేసుకున్నవన్నీ విప్పేసి పొడిబట్టలు, పొడి మేజోళ్ళు వేసుకున్నాం. నేను కిటికీ వేలెడు తెరిచి ఉంచాను. "చలిలో కిటికీ తెరిచే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను," అన్నారాయన. "మరి మీ ఊపిరి ఆవిరి ఎటు పోవాలి? రాత్రంతా రజాయిలోనే ఇంకాలా?" అన్నాను. రాత్రి గురించి ఇంకేమైనా చెబుదామంటే నా దగ్గర ఏమీ లేదు. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

తలుపు దబదబా బాదుతుంటే మెలకువ వచ్చింది. "అమ్మా! నాన్నా! పలకరేంటి?" అమ్మాయి గొంతు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, గొంతులో కంగారు.

"ఎవరమ్మా అది, ఇంత పొద్దున్నే?" అన్నారు మా ఆయన, ఆవలిస్తూ.

టైము ఆరుంబావు. బయట గడ్డి మీదంతా తెల్లగా మంచు. ఆయన తలుపు తీసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, మెట్టు దిగారు. అంతటితో ఊరుకోకుండా నేలదాకా వంగి బూట్ల తాళ్ళు కట్టుకున్నారు. లేచి నిలబడి, "తీర్పు చెప్పండి జడ్జిగారూ!" అని వీధంతా వినపడేలా అరిచారు. అప్పుడు నా ఆనందం ఇంతా అంతా కాదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కనాడూ నాకు ఇంత గెలిచినట్టు అనిపించలేదు.

అమ్మాయి నమ్మలేదు. "హీటరు ఎక్కడ దాచారు?" అంటూ లోపలికి ఎక్కింది. పట్టీల కింద వెతికింది, పొయ్యి ముట్టుకుని చూసింది. చివరికి నా రజాయి కింద చెయ్యి పెట్టి అలాగే ఆగిపోయింది.

"అమ్మా, ఇంత వెచ్చగా ఉందేంటి?"

"పడుకుని చూడు. ఊరికే చేత్తో చూస్తే ఏం తెలుస్తుంది?"

"ఒక్క నిమిషం," అని నడుం వాల్చింది. ఒక బూటు విప్పింది, రెండోది విప్పేలోపే నిద్రపోయింది. ఎన్ని రాత్రుల అలసటో పిచ్చిదానికి. బూటు నేను విప్పి, వాళ్ళ నాన్న వాటా కూడా మీద కప్పాను.

సరిగ్గా తొమ్మిదింటికి పూలకొట్టాయన గేటు ముందు ఆగి హారన్ కొట్టాడు. మా ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. మేం నోరు తెరిచేలోపే వ్యాన్ కిటికీ కర్టెన్ పక్కకి జరిగింది. జుట్టంతా రేగిపోయి, కళ్ళు సగమే తెరిచి, అమ్మాయి తల బయట పెట్టింది.

"అమ్మట్లేదండీ," అంది. "మా అమ్మానాన్నలు ఊరెళ్తున్నారు."

కర్టెన్ మళ్ళీ మూసుకుంది.