సుమిత వేలు చూపిన పెట్టె

ఆడపిల్ల వేలు చూపిన వస్తువును చౌడప్ప ఏనాడూ కొనలేదు. అదే ఆయనకు పెద్ద గర్వం. గుడియాత్తం నేతవాళ్ళ వీధిలో ఆడపిల్లల తీరు అందరికీ తెలిసిందే. బట్టల కొట్లో కూర్చోబెడితే కళ్ళు ఒక చీర మీద ఆగుతాయి, వేలు మాత్రం అంతకంటే తక్కువ ధర చీర మీదికి పోతుంది. నాయనకు భారం కాకూడదని! తండ్రి అన్నవాడు ఆ వేలిని పట్టించుకోకూడదు. కళ్ళు ఎక్కడ ఆగాయో కనిపెట్టి ఆ చీరే కొనాలి. పిల్ల "వద్దు నాయనా" అనాలి, తండ్రి "నువ్వుండమ్మా" అనాలి. ఈ ఆట తెలియని తండ్రిని ఆ వీధిలో మనిషి కింద జమకట్టరు. చౌడప్ప అందులో ఆరితేరినవాడు.

ఆయన కూతురు సుమిత కూడా తక్కువదేం కాదు. పావడాలు కట్టే వయసు నుంచీ వేలు ఒకచోట, చూపు ఒకచోట పెట్టి తనకు కావలసింది సంపాదించుకుంటూనే వచ్చింది. కాబట్టి జరిగినదాంట్లో తప్పంతా చౌడప్పదే అంటే అన్యాయం. ముప్పాతిక మాత్రం ఆయనదే.

సుమిత పని చీరల అంచులకీ కొంగులకీ కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం. నెమళ్ళు, మామిడిపిందెలు, గోపురాలు తెర మీద గీసి, ఏ పోగు లేవాలో ఏది దిగాలో మగ్గానికి అర్థమయ్యేట్టు మార్చి ఇవ్వాలి. వేలూరులో ఒక డిజైన్ సెంటర్లో కొన్నాళ్ళు జీతానికి చేసింది. రోజూ బస్సులో పోవడం రావడం, గీసింది తను, పేరు వాళ్ళది. ఇంట్లోనే సొంతంగా పెట్టుకుంటానని అడిగినప్పుడు చౌడప్ప మరుమాట్లాడలేదు.

దానికి బలమైన కారణం కూడా ఉంది. చౌడప్ప నేసే చీరలు కొనే వ్యాపారి అరుణాచలం ఒక మాట అన్నాడు. "ఒక కొంగు గీసి చూపించమ్మా. నేను పక్కన కూర్చుని చెప్పేది చెప్పినట్టు మార్చగలిగితే, మా డిజైన్లన్నీ నీకే." ఆయన పని దొరికితే సుమిత నిలదొక్కుకున్నట్టే. దొరక్కపోతే మళ్ళీ ఆ వేలూరు బస్సే.

కంప్యూటర్ కొనడానికి తండ్రీ కూతుళ్ళు వేలూరు వెళ్ళారు. కొట్లో పనిచేసే నందకుమార్ వాళ్ళ వీధి పిల్లవాడే, వరసకు చౌడప్పకు మేనల్లుడు. సుమితకు ఏం కావాలో ఫోన్లో ముందే మాట్లాడుకుని ఉన్నారు. రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు.

"మామా, దీంట్లో ఉండేది మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్. ఇంట్లో, ఆఫీసులో అందరూ వాడేదే. అదేమో వర్క్‌స్టేషన్ ప్రాసెసర్. కోర్లు చానా జాస్తి. కట్టడాల బొమ్మలు చేసేవాళ్ళూ, సినిమాలకు గ్రాఫిక్స్ చేసేవాళ్ళూ కొంటారు. పాప పనికి..."

ఆ తర్వాత నందకుమార్ ఏం చెప్పాడో చౌడప్ప చెవికెక్కలేదు. ఆయన చెవులు మూసుకుని కళ్ళు తెరుచుకుని కూర్చున్నాడు. మామూలు పెట్టె నల్లగా, బియ్యం డబ్బాలాగ ఉంది. వర్క్‌స్టేషన్ పెట్టెకు పక్కన అద్దం, లోపల దీపాలు. సుమిత కళ్ళు ఆ దీపాల మీద ఉన్నాయి. అక్కణ్ణుంచి కదలడం లేదు.

"ఇది చాలు నాయనా" అంది సుమిత. వేలు మామూలు పెట్టె మీద పెట్టింది.

చౌడప్ప మీసం కింద నవ్వుకున్నాడు. తన బిడ్డ సంగతి తనకు తెలియదా!

"అద్దం ఉండేది కట్టు నందా."

"వద్దు నాయనా, నిజంగా వద్దు" అంది సుమిత.

"నువ్వుండమ్మా."

"మామా, పాప అడిగిందే చాలు. అది ఈ పనికి..."

"అబ్బా, నువ్వు కూడా దాని పక్కనేనా? నా బిడ్డ గురించి నాకు చెప్పొద్దు. కట్టప్పా."

నిజమేమిటంటే, సుమిత చూసింది పెట్టెను కాదు, రంగును. లోపలి దీపం వంగపండు రంగులోంచి చిలకపచ్చలోకి మారేటప్పుడు మధ్యలో ఒక రంగు వచ్చి పోతోంది. అది కొంగు అంచుకు పెడితే ఎలా ఉంటుందా అని చూస్తూ నిలబడింది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేసరికి తండ్రి ముఖం మతాబులాగ వెలిగిపోతోంది. ఆ ముఖం మీద నీళ్ళు చల్లడానికి ఆమెకు మనసొప్పలేదు. పెద్దది కదా, నందకుమార్ అన్నట్టు తన పనికి కొంచెం నిదానమైనా సర్దుకోవచ్చులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

పెట్టె ఇంటికి వచ్చిన రోజు కొత్త మగ్గం దిగినంత హడావిడి. తల్లి అమ్మణి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టింది. వీధి వీధంతా వచ్చి అద్దంలోంచి దీపాలు చూసిపోయింది. "వేలూరు కొట్లో దీన్ని మించింది లేదు. సినిమావాళ్ళు వాడేదంట" అని చౌడప్ప అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు.

అందరూ పోయాక సుమిత డిజైన్ సాఫ్ట్‌వేర్ పెట్టి పని మొదలుపెట్టింది. చిన్న అంచులకు పరవాలేదు. కొంగు మొత్తం పరిచేసరికి పెట్టె మొండికేసింది. ఒక నెమలిని ఇటునుంచి అటు జరిపితే తెర మీద చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. వేలూరు సెంటర్లోని మామూలు కంప్యూటర్ మీద రెప్పపాటులో అయ్యే పని అది. ఇంట్లో చెప్పలేదు. తండ్రి ఊరంతా చాటింపు వేసిన తర్వాత ఏమని చెబుతుంది? రోజూ తెల్లారకముందే లేచి కూర్చుని, చక్రం తిరిగినంతసేపూ ఓర్చుకుని, కొంగు పూర్తిచేసింది. వంగపండుకూ చిలకపచ్చకూ మధ్యనుండే ఆ రంగునే అంచుకు పెట్టింది.

అరుణాచలం వచ్చాడు. తెర మీద కొంగు చూడగానే కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఈ అంచు రంగు ఎట్లా తట్టిందమ్మా నీకు? రొంబ బాగుండాది. సరి, ఈ నెమలిని కొంచెం కిందికి దించు."

సుమిత దించింది. చక్రం తిరిగింది. అరుణాచలం కాఫీ తాగాడు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. చివరికి నెమలి దిగింది.

"దిగింది గానీ జాస్తి దిగిపోయింది. రవంత పైకి."

మళ్ళీ చక్రం. అరుణాచలం గ్లాసు కింద పెట్టి, వాకిలి వైపు చూసి, ఫోను తీసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. సుమిత మెడ వెనక చెమట కారుతోంది. వెనకాల నిలబడ్డ చౌడప్పకు ఆ చక్రం తన నెత్తి మీదే తిరుగుతున్నట్టుంది.

"ఏందప్పా చౌడప్పా, ఊరంతా చెప్పుకుంటా ఉండారు, ఇంత పెద్ద పెట్టె కొన్నావని. వేలూరులో మామూలు దాంట్లోనే టక్కున వస్తాది గదా. ఇదేంది ఇట్లా?"

ఆ మాట సూదిలాగ దిగింది చౌడప్పకు. పెట్టె బాగాలేదంటే కొన్నవాడు తెలివితక్కువవాడనేగా. పసుపు రాసిన పెట్టె, వీధంతా చూసిపోయిన పెట్టె! ఏదో ఒకటి అనాలి. నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"పెట్టెలో ఏ కొరతా లేదు. పాప కొత్త గదా, చెయ్యి ఇంకా కుదరలేదు."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. నేతవాళ్ళ వీధిలో ఒకరిని తాగుబోతు అనవచ్చు, అప్పులవాడు అనవచ్చు. అన్నిటికీ మందుంది. చెయ్యి కుదరలేదు అంటే మాత్రం మందు లేదు. ఆ మాట పడ్డ మనిషికి ఎవరూ పోగు అప్పగించరు. అందులోనూ కన్న తండ్రే అన్నాడంటే ఇక అడిగేవాడెవడు?

సుమిత తిరిగి చూడలేదు. "అవునండీ" అంది తెరను చూస్తూనే. "నా చెయ్యే."

"సరి సరి. చెయ్యి కుదిరినాక పాక్కలాం" అని అరుణాచలం లేచాడు. పాక్కలాం అంటే చూద్దాం అని అర్థం. వ్యాపారి నోట ఆ అరవ మాట వచ్చిందంటే ఇక చూడడని అర్థం.

ఆయన పోయాక సుమిత కంప్యూటర్ ఆపి, పెట్టె మీద పాత దుప్పటి కప్పి, వంటింట్లోకి పోయింది. ఏడవలేదు, గొడవపడలేదు. తండ్రికి కంచం పెట్టింది, నీళ్ళు పెట్టింది. ఆమె ముఖం చూడలేక చౌడప్ప కంచంలోకి చూస్తూ తిన్నాడు.

చౌడప్పను ముఖం మీదే కడిగేసింది అమ్మణే. "పెట్టె మానం కాపాడేదానికి బిడ్డ చేతిని అమ్మేస్తివి గదయ్యా!"

మర్నాడు పొద్దున్నే చౌడప్ప వేలూరు బస్సెక్కాడు. పశ్చాత్తాపంతో అనుకునేరు, కాదు. కోపంతో. చెడిపోయిన పెట్టె అంటగట్టారని నందకుమార్‌ను నిలదీయాలని పోయాడు. తప్పు పెట్టెది కావాలి, కొట్టుది కావాలి, ఎవరిదైనా కావాలి.

నందకుమార్ అంతా విని, స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

"చెడిపోలేదు మామా. దాని గుణమే అంత. ఒక మగ్గం మీద ఎంతమంది కూర్చుని నేస్తారు?"

"ఇదేం ప్రశ్న? ఒకరే."

"పాప వాడే సాఫ్ట్‌వేరూ అంతే. ఒక్క కోర్‌తోనే పని చేయించుకుంటాది. వర్క్‌స్టేషన్లో పనోళ్ళు జాస్తి, కానీ ఒక్కొక్కరి చెయ్యి నిదానం. పదిమందికి పంచగలిగే పనైతే అది ఏనుగు. పాప పని పంచేది కాదు. ఒక్కడు కూర్చుంటాడు, మిగతావాళ్ళు నిలబడి చూస్తారు. మామూలు దాంట్లో మనుషులు తక్కువ, కానీ చెయ్యి వడి. పదిమందిలో పాము చావదంటారే, అట్లా."

"మరి ఆ పొద్దు చెప్పి ఏడవొచ్చు గదరా!"

నందకుమార్ తల దించుకున్నాడు. "చెప్పినాను మామా. పాప కూడా చెప్పింది. వేలు పెట్టి చూపించింది గదా."

చౌడప్పకు తల కొట్టేసినట్టయింది. వేలు పెట్టి చూపించింది. తనకు తెలిసిన పని తను ఎంచుకుని, ఇది చాలు నాయనా అని నోటితో చెప్పింది. చీర కొట్లో పిల్లలాగా సిగ్గుపడుతోంది అనుకున్నాడు కానీ, పని తెలిసిన మనిషి పనిముట్టు అడుగుతోందని ఆయనకు తట్టనే లేదు. తను మగ్గానికి పోగులు సర్దే పన్నె కొనేటప్పుడు ఎవడైనా వచ్చి, నీ వేలు చూడను నీ కళ్ళు చూస్తాను అంటే ఊరుకునేవాడా? అంత చేసీ, ఆ చేతినే కుదరలేదన్నాడు. ఆ పిల్ల అవునంది. తండ్రి పరువు కోసం తన చేతిని తనే తిట్టుకుంది. తిరుగు బస్సు దారిలో పళ్ళికొండ దాటేదాకా కిటికీలోంచి ముఖం లోపలికి తిప్పలేదు. పక్కసీటాయన ఎక్కడిదాకా అని అడిగితే ఊరి పేరు కూడా సరిగా చెప్పలేకపోయాడు.

గుడియాత్తంలో దిగి ఇంటికి పోలేదు. నేరుగా బజారులో అరుణాచలం కొట్టుకు పోయాడు. చీరలు తెచ్చిన నేతగాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. పక్కకు పిలిచి చెబుదామనుకున్నాడు. మాట అన్నది పక్కకు పిలిచి కాదుగా అని గుర్తొచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అరుణాచలం, నిన్న నేనన్నది అబద్ధం. నా బిడ్డ చెయ్యి కుదిరిన చెయ్యే. ఆ పెట్టె వద్దు, ఇది చాలని పాప చెప్పింది. నేనే వినకుండా గొప్పకు పోయి కొన్నాను. కుదరంది నా బుద్ధి."

చాపల మీదివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవడో కిసుక్కుమన్నాడు కూడా. చౌడప్ప చెవులు కాలిపోయాయి. అయినా కదలలేదు. అరుణాచలం చీర మడత పెడుతూ, "సరి. వేరే పెట్టె వచ్చినాక ఒకతూరి కూర్చుంటాను. మాట మాత్రం ఇవ్వలేను" అన్నాడు. అంతకంటే అడిగే ముఖం చౌడప్పకు లేదు.

వారం తిరక్కముందే పెట్టె ఆటోలోనూ, తండ్రీ కూతుళ్ళు పెట్టె పక్కనా వేలూరు పోయారు. కట్టడాల బొమ్మలు చేసే ఆయన ఒకరు అలాంటిదాని కోసమే అడుగుతున్నాడని నందకుమార్ చెప్పాడు. కావలసినవాడికి అది బంగారమే. పెట్టె మీది కుంకుమ బొట్టు తుడుస్తుంటే చౌడప్ప చూపు పక్కకు తిప్పుకున్నాడు.

బల్ల మీద మళ్ళీ పెట్టెలు పెట్టారు. ఈసారి చౌడప్ప కొట్టు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏంది నాయనా, ఆడ నిలబడినావు?"

"నందకు చూపించమ్మా. నాకొద్దు. నీ కండ్లు చూసే అర్హత నాకు లేదు."

సుమిత చెయ్యి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"నేనూ చిన్నప్పటి నుంచీ నిన్ను మోసం చేసినాను గదా నాయనా. ఇట్లా తిరుగు. ఈ తూరి కండ్లూ వేలూ ఒక పక్కనే ఉండాయి."

చౌడప్ప వెంటనే తిరగలేకపోయాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకోవాల్సి వచ్చింది.