పేలు చూసే చేతులు

రత్నమణి చిల్లకల్లులో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైంది. ఈడువాళ్ళంతా మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటుంటే ఈవిడకి ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఆదివారం చర్చి అయ్యాక జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వెళ్ళేది. అక్కడ డ్రాయింగ్ మాస్టారు వరప్రసాదరావుగారి పద్ధతి ఒక్కటే. పాత బొమ్మొకటి ఎంచుకోవాలి, దాన్ని ఉన్నదున్నట్టు దించాలి. సొంత పైత్యం చూపించకూడదు.

రత్నమణి ఏరికోరి తీసుకున్న బొమ్మలో, ఏదో చలిదేశపు ఇంట్లో, కిటికీ పక్కన ఓ పేద తల్లి కూతురి తల ఒళ్ళో పెట్టుకుని పేలు చూస్తోంది. అంతే బొమ్మ. రత్నమణికి మూడేళ్ళప్పుడే కన్నతల్లి పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. తల్లి ఒడి ఎలా ఉంటుందో బొమ్మలోనైనా చూసుకుందామని ఆమె ఆశ. పెంచింది మాత్రం సవతి తల్లి రత్తమ్మ. డెబ్బై ఏడేళ్ళ రత్తమ్మ ఇప్పుడూ రత్నమణి దగ్గరే ఉంటోంది. తిండికీ మందులకీ లోటు లేదు. కానీ యాభై ఆరేళ్ళుగా 'పిన్నీ' అన్న పిలుపు 'అమ్మా' దాకా రాలేదు.

గది వచ్చింది, కిటికీ వెలుగు వచ్చింది, పిల్ల ముఖమూ వచ్చింది. చేతులు మాత్రం మొరాయించాయి. ఆరని రంగుని కత్తితో గీకేసి నాలుగుసార్లు వేసింది. మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశారు.

"ఈ చేతులు ముద్దు చేస్తున్నాయమ్మా. పని చెయ్యట్లేదు" అన్నారు.

ఇంటికి తెచ్చి గోడకానించి పెడితే రత్తమ్మ దగ్గరకొచ్చి చూసింది.

"ఏం చేస్తందే ఈవిడ?"

"పేలు చూస్తోంది పిన్నీ."

"ఏం చూట్టం. పాస్టరుగారు ప్రార్థన చేసినట్టుంది. ఇట్రా, కూకో."

అరవై ఒక్కేళ్ళ లెక్కల టీచరు బుద్ధిగా నేలమీద కూర్చుంది. రత్తమ్మ ముడి విప్పి, ఎడమ బొటనవేలితో పాయ నొక్కిపట్టి, కుడిచేతి రెండు గోళ్ళతో వెంట్రుకని కుదురు నుంచి దూసింది. రత్నమణికి ప్రాణం జివ్వుమంది. ఆ నొప్పి ఆమెకి కొత్త కాదు. చిన్నప్పుడు మిరపకోతల రోజుల్లో పిన్ని వత్సవాయి చేలకి కూలికెళ్ళొచ్చి తల చూస్తే మాడంతా భగ్గుమనేది. "మా పిన్ని నా తలకి కారం రాస్తోంది" అని బజారంతా చెప్పుకుని ఏడ్చింది. బజారు నమ్మింది కూడా. రత్తమ్మ ఎవరికీ జవాబు చెప్పుకోలేదు.

"అప్పుడు నీ చేతులు మండేవి కాదా?" అని అడిగింది రత్నమణి.

"మండకేం. నూనె రాసుకుని రెండుసార్లు కడుక్కునే కూకునేదాన్ని. కారం పొయ్యేది కాదు. రేపు చూద్దామంటే, రాత్రంతా నీకు దురదే గదా."

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడగాలని తోచనందుకు రత్నమణికి సిగ్గేసింది. మండే చేతులతో తన దురద తీర్చిన మనిషి, ఊరంతా ఆడిపోసుకున్నా నోరు మెదపని మనిషి, ఇన్నాళ్ళూ పక్కగదిలోనే పడుకుంటోంది. కృతజ్ఞతతో ఆమె గుండె నిండిపోయింది.

మర్నాడు పాత చేతులు గీకేసి మూడు రోజులు కూర్చుని వేసింది. ఈసారి బొమ్మలో బొటనవేలు పాయని గట్టిగా నొక్కింది. కణుపులు పైకి లేచాయి. గోళ్ళ చుట్టూ ఎర్రదనం వచ్చింది. అసలు బొమ్మలో ఇవేవీ లేవు. మాస్టారు కోప్పడితే కోప్పడనీ అనుకుంది.

రత్తమ్మని పిలిచి చూపించింది.

"ఇప్పుడు కుదిరాయా అమ్మా?"

రత్తమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత బొమ్మవైపు తిరిగింది.

"ఎవరియ్యే ఈ చేతులు?"

"నీవే."

"ఇంత మొరటుగా ఉంటయ్యా?" అంటూ చేతులు రెండూ కొంగులో దాచుకోబోయింది.

"ఉంటాయి. వీటితోనేగా నన్ను పెంచావు" అని రత్నమణి ఆ చేతులు అందుకుని కళ్ళకద్దుకుంది.

"చేతులు కడుక్కోకపోయావా, రంగంటుద్ది" అంది రత్తమ్మ. అంది గానీ, తన చేతులు వెనక్కి తీసుకోలేదు.