ప్రాంప్టరుగారు చూసిన సినిమా

మా ఆయనకు మామూలుగా మాట్లాడటం రాదు, గుసగుసలాడటమే వచ్చు. ఆ గుసగుస మాత్రం పది గజాల దూరం స్పష్టంగా వెళ్తుంది. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన నా చెవిలో చెబితే మేడమీద అద్దెకున్నవాళ్లు విని నవ్వుకుంటారు. ఇరవై ఆరేళ్లు ఒకే నాటకానికి ప్రాంప్టరుగా పనిచేసిన మనిషికి ఇంకెలాంటి గొంతు ఉంటుంది?

మాది పాటల నాటకం. అందరూ దాన్ని స్టేషను నాటకం అనేవారు. తెర లేచింది మొదలు దిగేదాకా ఒక రైల్వే స్టేషను, ఒక బెంచీ, ఏడేళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయిన భర్త కోసం రోజూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చునే ఒకావిడ. మధ్యలో పద్నాలుగు పాటలు. నేను నటులకు దుస్తులు కుట్టేదాన్ని. చిరిగినవి అతికేదాన్ని. లావెక్కినవాళ్లకు గుట్టుచప్పుడు కాకుండా వదులు చేసి, ఆ సంగతి ఎవరి దగ్గరా అనకుండా నోరు కట్టుకునేదాన్ని. మా ఆయన పక్క తెర చాటున చిన్న దీపం కింద పుస్తకం పెట్టుకుని కూర్చునేవారు. నటులు మాట మరిచిపోతే అందించడం ఆయన పని. దానికో లెక్క ఉంది. నటుడు ఆగిన వెంటనే అందించకూడదు, అది అతనికి అవమానం. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోవాలి. నాలుగుకి మాట వెళ్లిపోవాలి. అదీ దాటితే జనానికి తెలిసిపోతుంది. ఇరవై ఆరేళ్లలో ఆయన లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. గొప్పకు చెప్పడం లేదు. అయినా గొప్పకే చెబుతున్నాననుకోండి, నాకెవరి భయం?

ఆ నాటకాన్ని సినిమాగా తీశారు. దాన్ని ఎడిట్ చేసింది మా అమ్మాయి. దుస్తుల పెట్టెల మీద నిద్రపోతూ పెరిగిన పిల్ల, తొమ్మిదేళ్లు ఇంకొకరి కింద పనిచేసి, సొంతంగా చేసిన మొదటి సినిమా ఇదే. పండగే కదా అనుకున్నాను. కానీ ఆరునెలలుగా మా ఇంట్లో తండ్రీకూతుళ్లు భోజనాల దగ్గర ఎడమొహం పెడమొహంగా కూర్చుంటున్నారు. కారణం ఒకే ఒక్క మాట.

నాటకం చివర భర్త తిరిగొస్తాడు. రైలు దిగి, వంతెన దాటి, ఆవిడ ముందుకొచ్చి నిలబడి, "నన్ను గుర్తుపట్టావా?" అని అడుగుతాడు. ఆవిడ, "నువ్వు వంతెన మీద ఉండగానే నీ అడుగుల చప్పుడు గుర్తుపట్టాను" అంటుంది. అనగానే హాలు చప్పట్లతో మోగిపోయేది. ఆ తరవాతే ఆఖరి పాట. సినిమాకీ ఆ మాట చిత్రీకరించారు. మా అమ్మాయి దాన్ని తీసేసింది. ఇప్పుడు అతను అడుగుతాడు. ఆవిడ చూస్తుంది. చూసి చూసి, బెంచీ మీదున్న తన సంచి తీసి కింద పెడుతుంది, అతను కూర్చోవడానికి. అంతే, పాట మొదలవుతుంది.

"ఆ మాట తీసేస్తే నాటకంలో ఇంకేం మిగిలిందే?" అని మా ఆయన.

"అక్కడ ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకి ఆవిడ మొహం కనపడదు నాన్నా. అందుకని మాట కావాలి. ఇక్కడ మొహమే గోడంత ఉంటుంది."

"గోడలు మాట్లాడవు" అని ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకునేవారు.

నిర్మాతదీ మా ఆయన మాటే. దర్శకుడు "మీరూ మీరూ తేల్చుకోండి" అని పక్కకు తప్పుకున్నాడు. చివరికి నిర్మాత ఒక షరతు పెట్టాడు. మొదటి ఆట జనం మధ్య కూర్చుని చూస్తాడు. వాళ్లకు ఆ చోటు నచ్చకపోతే మర్నాటి ఆటకల్లా మాట తిరిగి పెట్టిస్తాడు. ఈ రోజుల్లో అదెంత పని? మా అమ్మాయి కూడా తక్కువ తినలేదు. "అది పెట్టేటట్టయితే నా పేరు తీసేయండి" అంది. ఆ పేరు తెర మీద చదవడానికే కదా నేను కొత్త కళ్లజోడు చేయించుకున్నది!

మొదటి ఆట పొద్దున పదకొండుకి. హాలు నిండిపోయింది. మా వరసలో నేను, మా ఆయన, ఆయన పక్కన మా రాణిగారు. నాటకంలో ఇరవై ఆరేళ్లూ ఆ బెంచీ మీద కూర్చున్నది ఆవిడే. టీ తెమ్మని చెప్పడంలో కూడా ఒక దర్పం ఉండేది కాబట్టి ఆ పేరు పెట్టాం, ఆవిడకూ నచ్చింది. సినిమాలో తన వేషం ఒక కొత్త పిల్ల వేసిందని మూతి ముడుచుకుంటుందేమో అనుకున్నాను. లేదు. "బాగానే పాడుతోంది. ఊపిరి మాత్రం ఎక్కడ పడితే అక్కడ తీసుకుంటోంది" అంది, అంతే.

హాల్లో సగంమంది నాటకం చూసినవాళ్లే. వాళ్లని గుర్తుపట్టడానికి కష్టపడక్కర్లేదు. నా వెనకాయన ప్రతి పాటా తెర మీదకంటే ఒక ముక్క ముందే పాడేస్తున్నాడు. ఒకావిడ "నాటకంలో బెంచీ ఆకుపచ్చగా ఉండేది, పాడుచేశారు" అని పక్కావిడకు రెండుసార్లు చెప్పింది. పాట అవగానే చప్పట్లు కొట్టి, తెర మీద ఎవరూ వంగి నమస్కారం పెట్టకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. కొత్తవాళ్లు వీళ్లని చూసి నవ్వారు. మొత్తానికి అందరూ హాయిగానే ఉన్నారు. మా ఆయన మాత్రం తల వంచుకుని, ఒళ్లో పుస్తకం ఉన్నట్టే కిందకు చూస్తూ, పెదాలు కదుపుతున్నారు.

"తెర చూడండి" అని మోచేత్తో పొడిచాను.

"వింటున్నాలే" అన్నారు.

ఆఖరి సీను వచ్చింది. "నన్ను గుర్తుపట్టావా?" అన్నాడు భర్త. హాలంతా నిశ్శబ్దం. ఒకటి, రెండు, మూడు...

"నువ్వు వంతెన మీద ఉండగానే..." అని మా ఆయన అందించేశారు.

అది అక్కడితో ఆగినా ఏ నలుగురో నవ్వి ఊరుకునేవాళ్లు. కానీ ఆయన అందించాక ఇరవై ఆరేళ్లు అందుకున్న మనిషి పక్కనే ఉంది కదా! రాణిగారు స్ప్రింగు మీదున్నట్టు లేచి నిలబడి, "నువ్వు వంతెన మీద ఉండగానే నీ అడుగుల చప్పుడు గుర్తుపట్టాను!" అని హాలు దద్దరిల్లేలా అంది. జనం వెనక్కి తిరిగి చూశారు. ఎవరో గుర్తుపట్టి ఆవిడ పేరు పెట్టి అరిచారు. ఇక చప్పట్లు, ఈలలు. రాణిగారు రెండువైపులా వంగి నమస్కారాలు. తెర మీద సంచి ఎప్పుడు తీసిందో, పాట ఎప్పుడు మొదలైందో పట్టించుకున్న నాథుడు లేడు.

నేను తల పట్టుకున్నాను.

ఆట అయ్యాక బయట నిర్మాత మొహం వెలిగిపోతోంది. "చూశావా అమ్మా? జనానికి ఆ మాట కావాలి. చెవులారా విన్నావుగా" అన్నాడు. మా అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడింది. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే నిలబడేది.

"ఆ పిల్ల మరిచిపోయిందనుకున్నాను" అన్నారు మా ఆయన, నేలచూపులు చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. "సినిమాలో ఎవరైనా మరిచిపోతారటండీ? మరిచిపోతే మళ్లీ తీసుకోరూ? కన్నకూతురి మొదటి సినిమాకి వచ్చి చేసే నిర్వాకం ఇదేనా?"

"నాలుగొచ్చేసింది మరి" అన్నారు దీనంగా. అప్పుడు కూడా లెక్కే!

రాణిగారు నాలుక్కరుచుకుంది. "తమ్ముడు అందిస్తే నేను అనకుండా ఎలా ఉంటానే? అది నా చేతిలో ఉందా?" అంది నాతో. నిజమే, లేదు.

అప్పుడు మా అమ్మాయి నోరు విప్పింది. "అది సినిమాకి కొట్టిన చప్పట్లు కాదు సార్, రాణిగారికి కొట్టినవి. మధ్యాహ్నం ఆట ఇంకోసారి చూడండి. వీళ్లిద్దరూ నోరెత్తకుండా. అప్పుడు కూడా మాట కావాలనిపిస్తే మీ ఇష్టం."

నిర్మాత కాసేపు ఆలోచించాడు. మంచివాడే, కాకపోతే తెలివైనవాడు కూడా. "సరే. కానీ తేల్చేది నేను కాదు, మీ నాన్నగారు. ఈ నాటకం ఆయనకంటే తెలిసినవాళ్లు లేరు. మాస్టారూ, మీరు ఎలా అంటే అలా."

మా అమ్మాయి మొహం పాలిపోయింది. ఆరునెలలుగా కాదంటున్న మనిషినే తీర్పు చెప్పమన్నాడు మరి. అయినా సరేనంది.

రాణిగారిని క్యాంటీనులో కూర్చోబెట్టాం. ఆవిడ చుట్టూ అప్పటికే పదిమంది అభిమానులు చేరారు, ఆవిడకు మా అవసరం లేదు. మేమిద్దరం ఈసారి హాలు మధ్యలో కూర్చున్నాం. నిర్మాత మా వెనక. మా అమ్మాయి కూర్చోలేక పక్క తలుపు దగ్గర నిలబడింది. ఈ ఆటకు ఎక్కువమంది కొత్తవాళ్లు. నవ్వాల్సినచోట నవ్వుతున్నారు, పాటలకు కాళ్లతో తాళం వేస్తున్నారు. మా ఆయన మళ్లీ మామూలే. తల దించుకుని పెదాలు కదపడమే. చేతిలో రుమాలు పట్టుకుని నేను కాపలా కాస్తున్నాను. పెదవి దాటి చప్పుడు వచ్చిందా, నోట్లో కుక్కడమే.

రైలు వచ్చింది. భర్త వంతెన దాటుతున్నాడు. మా ఆయన ఇంకా ఒళ్లోకే చూస్తున్నారు. నాకు ఉండబట్టలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టి ఆయన తల పైకెత్తాను. "పుస్తకం లేదండీ. ఎత్తండి తల."

"నన్ను గుర్తుపట్టావా?"

ఆయన వేలు నా మణికట్టు మీద లెక్క మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగుకి పెదాలు విడివడ్డాయి. నేను రుమాలు ఎత్తాను. చప్పుడు రాలేదు. ఐదు. ఆరు. ఏడో అంకె కోసం చూశాను. రాలేదు. వేలు నా చేతిమీదే ఉంది, లెక్క ఆగిపోయింది. ఆయన కళ్లార్పకుండా తెర వంక చూస్తున్నారు.

తెర నిండా ఆవిడ మొహమే. ముందు కోపం వచ్చింది, ఏడేళ్ల కోపం. అది కళ్లదాకా వచ్చి ఆగింది. తరవాత ఆవిడ చూపు అతని మొహం మీంచి అరిగిపోయిన చెప్పుల మీదకు దిగింది. అక్కడ కాసేపు ఉంది. ఎంత దూరం నడిచి వచ్చాడో లెక్క వేసుకున్నట్టుంది. తరవాత సంచి తీసి కింద పెట్టింది.

"కూర్చోవయ్యా, కూర్చో" అన్నాడు ముందు వరసల్లో ఎవరో పెద్దాయన, తెర మీది మనిషితో. ఎవరూ నవ్వలేదు. పాట మొదలైంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముక్కులు ఎగబీల్చుకోవడం మాత్రం నాలుగువైపులా వినిపించింది. నోట్లో కుక్కడానికి తెచ్చిన రుమాలుతో నేను కళ్లు తుడుచుకున్నాను. సిగ్గేముంది?

బయటకు వచ్చాక నిర్మాత మా ఆయన దగ్గరికి వచ్చాడు. "చెప్పండి మాస్టారూ. మాట పెట్టిద్దామా, వద్దా?"

మా అమ్మాయి తండ్రి మొహం చూడకుండా, కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది.

"వద్దండీ" అన్నారు మా ఆయన.

అమ్మాయి గిరుక్కున తిరిగింది. "నాన్నా, నా కోసం అనకు. ఆ మాటంటే నీకు ప్రాణం కదా."

"ప్రాణమేనే. ఇప్పటికీ ప్రాణమే. కానీ అది పక్కన కూర్చుని వినేవాడికి కావాలి. ఎదురుగా కూర్చున్నవాడికి అక్కర్లేదు. పక్క తెర చాటునుంచి నాకు రాణిగారి ఎడమ చెవి కనపడేది. అదీ పుస్తకంలోంచి తలెత్తితే. ఆ మాట దగ్గర ఆవిడ మొహం ఎలా ఉండేదో నేను ఒక్కనాడూ చూడలేదు. ఇవాళే తెలిసింది."

ఇరవై ఆరేళ్లు ఆ తెర చాటునే, ఆ మనిషి వెనకే సూదీ దారం పట్టుకుని తిరిగాను. ఆయనకు నాటకం కనపడదన్న సంగతి నాకు ఒక్కసారైనా తట్టలేదు. నా మీద నాకే కోపం వచ్చింది. నిర్మాత జేబులోంచి ఫోను తీసి, ఎవరితోనో "ఏమీ మార్చక్కర్లేదు, అలాగే ఉండనివ్వండి" అన్నాడు.

మా అమ్మాయి దగ్గరికొచ్చి తండ్రి భుజం మీద తల ఆనించింది. ఆయన దాని జుట్టు నిమురుతూ, లోపల సాయంత్రం ఆటకు జనం సర్దుకుంటున్న చప్పుడు విని, మొహమాటంగా అడిగారు.

"అమ్మా, ఈ ఆటకి కూడా ఉందామా? నేను చూసింది ఆ ఒక్క సీనేనే. ముందుదంతా ఇంకా చూడలేదు."