నా వెనక ఎవరు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అంటారు. కోపం ముక్కు మీద కాదు, చేతుల్లో ఉందని నా అభిప్రాయం. ఎవరైనా పని సగంలో వదిలేస్తే నా చేతులు ఊరుకోవు. లాండ్రీలో నాది ఇస్త్రీ పని. మడతపెట్టేది వేరేవాళ్ళు. వాళ్ళు మడతపెట్టినవి విప్పి మళ్ళీ నేనే మడతపెడతాను. అందుకే అక్కడ నాకు జీతం ఒకటి, పనులు రెండు, స్నేహితులు సున్నా.

ఇంట్లో నా ప్రాణానికి మా వదిన ఉంది. అన్నయ్య భార్య. కూరగాయల దుకాణంలో పనిచేస్తుంది. ఏ పనైనా నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వుతూనే మధ్యలో వదిలేస్తుంది. ఆమె తుడిచిన నేల నేను మళ్ళీ తుడుస్తాను. అందుకు ఆమెకు కోపం రాదు. "ఇన్‌స్పెక్టరు గారొచ్చారు, పక్కకు జరగండి" అని సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. ఆమెకు కోపం రాకపోవడం చూస్తే నాకు మరింత ఒళ్ళు మండుతుంది.

నాకు కావలసింది ఒకటే ఉద్యోగం. ఎండాకాలంలో అడవి మంటలు ఆర్పే దళంలో చేరాలి. ఒకసారి మా వీధి చివరి కొండ అంటుకుంటే డాబా మీద నిలబడి చూశాను. పసుపు చొక్కాల వాళ్ళు ఒకరి వెనక ఒకరు కొండెక్కి, వరసగా నేల గీక్కుంటూ పోయారు. అంత పొగరుబోతు మంటా ఆ గీత దాకా వచ్చి, దాటలేక, చల్లారిపోయింది. ఆ రోజు నుంచి ఇస్త్రీపెట్టె ముట్టుకోవాలంటే విసుగు.

నిరుడు పరీక్షకు వెళ్ళాను. బరువు సంచీ వీపున వేసుకుని, పరుగెత్తకుండా వేగంగా నడవాలి. అందులో అందరికన్నా ముందు వచ్చాను. గీత గీసే పరీక్షలో పోయాను. ఆ పని చెప్పడానికి తేలిక. ఎండుటాకు, పుల్ల, వేరు ఏదీ మిగలకుండా, వట్టి మట్టి తేలేదాకా నేలను బాటలా గీకాలి. అంటుకోవడానికేమీ దొరక్కపోతే మంట ఆగుతుంది. కాకపోతే ఎవరి ముక్క వాళ్ళు పూర్తి చేయకూడదు. నాలుగు దెబ్బలు వేసి ముందుకు జరగాలి. మిగిలింది వెనకవాళ్ళు గీకుతారు, అప్పటికీ మిగిలింది వాళ్ళ వెనకవాళ్ళు చూసుకుంటారు. నేను నా ముక్కను అద్దంలా చేస్తూ కూర్చున్నాను. నా వెనక వరసంతా పారలు పట్టుకుని దిక్కులు చూస్తూ నిలబడిపోయింది. మేస్త్రీ, అంటే దళాన్ని నడిపించే పెద్దాయన, వంగి నా ముక్కను చూశాడు.

"చాలా శుభ్రంగా ఉందమ్మా. ఈపాటికి మంట నీ పక్కనుంచి పోయి ఊళ్ళో ఉంటుంది" అని ఇంటికి పంపేశాడు.

రెండోసారి కూడా తప్పితే ఇక పిలవరు. ఈసారి తాడో పేడో తేలిపోవాలి. నాకు తోడుగా వస్తానన్న వదిన, అక్కడ ఊరికే కూర్చోవడం ఎందుకని తనూ దరఖాస్తు పెట్టింది. అన్నయ్య మా ఇద్దరికీ చెరో చీపురు ఇచ్చి డాబా మీద సాధన చేయించాడు. నేను ముందు, వదిన వెనక. నాలుగు అడుగులు వేశానో లేదో, వెనక్కి తిరిగి ఆమె చిమ్మిన చోట మళ్ళీ చిమ్మడం మొదలుపెట్టాను.

"దీని మెడ పట్టేస్తే బాగుణ్ణు. ఉద్యోగం వస్తుంది" అన్నాడు అన్నయ్య.

పరీక్ష రోజు నడకలో ఇద్దరం గట్టెక్కాం. వదిన దారంతా, పరీక్షకే వచ్చిన ఒక బేకరీ ఆయనతో కబుర్లు చెబుతూ నడిచి కూడా సమయానికి చేరింది. ఆ తర్వాత మేస్త్రీ మమ్మల్ని వాలులో వరసగా నిలబెట్టాడు. గొడ్డళ్ళ వాళ్ళు ముందు, పారల వాళ్ళు వెనక. నా ముందు ఒక పొడుగాటి కుర్రాడు. నా వెనక మా వదిన.

"నిరుటి మనిషివి కదూ" అన్నాడు మేస్త్రీ నాతో. "ఈసారి వెనక్కి తిరిగితే నేనేమీ అనను. బస్‌స్టాప్ ఎటో చూపిస్తా, అంతే."

మొదలుపెట్టాం. మొదటి దెబ్బకే నా పార కింద బొటనవేలంత వేరు తగిలింది. సగం తెగింది. రెండు దెబ్బలు వేస్తే మొత్తం తెగుతుంది. "జరగండి" అని వెనకనుంచి కేక వచ్చింది. దాన్ని అలా వదిలి అడుగు ముందుకు వేయడం నాకు పన్ను పీకించుకున్నంత పని అయింది. మెడ దానంతటదే వెనక్కి తిరగబోయింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, ముందు చూడండి. నేనున్నాగా" అంది వదిన.

"నువ్వున్నావనే కదా నా భయం."

"నేను వదిలేస్తే నా వెనక బేకరీ ఆయనున్నాడు. ఆయనా వదిలేస్తే ఇంకా బోలెడుమంది ఉన్నారు. నీ ఒక్కదాని మీదే లోకం నిలబడిందా ఏంటి? పద."

వరసంతా నవ్వింది. కోపంతో నా చెవులు వేడెక్కాయి. ఆ కోపంతోనే పార ఎత్తాను. దెబ్బలు, అడుగు, మళ్ళీ దెబ్బలు. కాసేపటికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. వెనక వదిన పార చప్పుడు వినిపిస్తోంది, నేను జరిగిన చోటికి అది ఠంచనుగా వస్తోంది. ఇన్నేళ్ళలో నా వెనక ఒకరున్నారని హాయిగా అనిపించడం నాకదే మొదలు. ఒక్కసారి కూడా తిరగలేదు.

పైన రాళ్ళ దగ్గర ఆపి, మేస్త్రీ మమ్మల్ని గీత వెంబడే కిందికి నడిపించాడు. చివరి దాకా వట్టి మట్టి. ఒక్క ఆకు లేదు.

"నీ ముక్క ఏది?" అని పొడుగాటి కుర్రాణ్ణి అడిగాడు.

"ఇదిగోనండీ, ఈ పొద దగ్గర. ఇది మొత్తం నేనే చేశా" అన్నాడతను గర్వంగా.

మేస్త్రీ తలాడించి నావైపు తిరిగాడు. నేను ఆ వేరు కోసం వెతికాను. కుప్పలో కలిసిన వంద చొక్కాల్లోంచి నేను ఇస్త్రీ చేసింది తీసి చూపించగలను. ఇక్కడ మాత్రం నాదేదో, వదినదేదో, బేకరీ ఆయనదేదో ఒక్కటీ తేలలేదు. ఈసారీ పోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది.

"తెలియట్లేదండీ" అన్నాను.

"నాదీ తెలీదండీ. అసలు నేను వెతకలేదు కూడా" అంది వదిన.

మేస్త్రీ చేతిలోని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కింద రేకుల షెడ్డులో ఎంపికైన వాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి బూట్ల కొలత అడిగాడు. పొడుగాటి కుర్రాడికి వచ్చే ఏడు మళ్ళీ రమ్మని నెమ్మదిగా చెప్పాడు. నిరుడు నేనూ అలాగే తల వంచుకుని నిలబడ్డాను, పాపం అనిపించింది. బేకరీ ఆయన్ను పిలిచాడు. వదినను పిలిచాడు. ఆఖరికి నన్ను పిలిచాడు. సంతోషంలో కొలత తప్పు చెప్పి, వెంటనే సరిదిద్దుకున్నాను.

"ఇప్పుడు వేసే వరసే ఎండాకాలమంతా ఉంటుంది, మధ్యలో మార్చను" అన్నాడు మేస్త్రీ. "మంట దగ్గర వెనక్కి చూసే తీరిక ఉండదు. నీ వెనక ఎవరు కావాలో నువ్వే చెప్పు."

షెడ్డు నిండా గట్టి మనుషులున్నారు. చేతులు అరిగేలా పనిచేసేవాళ్ళు, మొదలుపెట్టింది వదలని వాళ్ళు, అచ్చం నాలాంటి వాళ్ళు.

"మా వదిన" అన్నాను.

ఏదో ఒక ఎకసెక్కం ఆడుతుందని ఎదురుచూశాను. ఆమె గబగబా వంగి, కట్టే ఉన్న బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది.