గంట ఎవరు కొడతారు?

ఆరో తరగతి గదిలోకి వెళ్ళాలంటే పాతకాపు టీచర్లకే చెమటలు పట్టేవి. అందుకే దాన్ని కొత్త టీచరమ్మ నెత్తిన పెట్టారు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆవిడే. పుస్తకంలో ఎలా ఉంటే అలా చేయడం తప్ప వేరే తెలియదు. పిల్లల్ని నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టమని పుస్తకంలో ఉంది, కూర్చోబెట్టింది. "మీకు నచ్చినవాళ్ళతో కూర్చోండి" అని నోరు జారడమే పొరపాటు.

బెంచీలు బరబరా జరిగాయి. కళ్ళు మూసి తెరిచేలోగా జట్లన్నీ నిండిపోయాయి. ఏడాది మధ్యలో వచ్చి చేరిన ఒక పిల్ల మాత్రం గోడవారగా నిలబడి, అప్పటికే సూదిలా ఉన్న పెన్సిల్ని మళ్ళీ చెక్కుకుంటోంది.

టీచరమ్మకు మనసు చివుక్కుమంది. ఏదో ఒక జట్టులో కలుపుదామంటే, "మాకు నలుగురున్నారు టీచర్!" అని నాలుగు మూలల నుంచీ అదే పాట. ఏం చేయాలో తోచక, సొరుగులో పడి ఉన్న చిన్న గంట తీసింది. పైన నొక్కితే టింగుమనే రకం.

"నువ్వు నా బల్ల దగ్గర కూర్చో. గడియారం చూసి గంట నొక్కు. గంట మోగగానే చదివేవాళ్ళు ఆపాలి, పక్కవాళ్ళు అందుకోవాలి. చాలా ముఖ్యమైన పని, సరేనా?"

పిల్ల తలూపింది. ఆ రోజు నుంచి క్లాసు దారికొచ్చింది. టింగుమంటే ఒకరు ఆపేవారు, ఇంకొకరు మొదలుపెట్టేవారు. పిల్లలు ఆ అమ్మాయికి గంటమ్మ అని పేరు పెట్టారు. వరండాలో పోతూ పెద్ద మేడం ఆగి చూసింది.

"ఏం మందు పెట్టావమ్మా వీళ్ళకి? నెలాఖరున వచ్చి కూర్చుంటాను. ఇలాగే ఉంటే వచ్చే ఏడాది కూడా ఈ క్లాసు నీదే."

ఆ మాట టీచరమ్మ ఎవరితో చెప్పుకోవాలి? స్టాఫ్ రూమ్‌లో అందరూ కలిసి తినే వేళకి ఆవిడ వరండాలో పిల్లల కాపలా ఉండేది. "నీకైతే ఓపికెక్కువ, పిల్లలు నీ మాట వింటారు" అని మొదటి వారమే ఆ డ్యూటీ అప్పగించారు. మెచ్చుకుంటున్నారనుకుని ఒప్పుకుంది. కిటికీలోంచి వాళ్ళ నవ్వులు వినిపించేవి. తను వెళ్ళేసరికి డబ్బాలు కడిగి బోర్లించి ఉండేవి.

ఒక సోమవారం గంటమ్మ బడికి రాలేదు. మర్నాడూ రాలేదు.

"ఆ అమ్మాయికేమైందో ఎవరికైనా తెలుసా?"

"తెలీదు టీచర్."

"ఇల్లెక్కడో?"

"తెలీదు టీచర్. గంట నేను కొట్టనా?" అంది వాగుడుకాయ. క్లాసులో ఒక్క క్షణం నోరు మూయని పిల్ల అది.

"కాదు టీచర్, నేను!" "నేను!" అని అన్ని చేతులూ లేచాయి. గంట కోసం లేచాయే తప్ప, ఆ పిల్ల గురించి ఒక్క చెయ్యీ లేవలేదు. టీచరమ్మకు తలకొట్టేసినట్టయింది. దాన్ని ఒంటరిగా వదలకూడదని ఇచ్చిన పనే, దాన్ని అందరికీ దూరంగా తన బల్ల పక్కన కూర్చోబెట్టింది.

జ్వరం తగ్గి వచ్చిన పిల్ల అడిగిన మొదటి మాట, "గంట ఎవరు కొట్టారు టీచర్?" మొహంలో కంగారు. తనకున్న ఆ కాస్త చోటూ పోయిందేమోనని.

పెద్ద మేడం వచ్చే రోజు రానే వచ్చింది. గంట పిల్ల చేతిలో పెట్టి ఊరుకుంటే సరిపోయేది. టీచరమ్మ అలా చేయలేదు. ముందురోజు పడవ నడిపే ముసలాయన కథని ముక్కలుగా కత్తిరించి పెట్టుకుంది. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. ఎవరి ముక్క వాళ్ళే చదవాలి, అందరూ చదివితేనే కథ తెలుస్తుంది. గంటమ్మని వాగుడుకాయ జట్టులో ఐదో మనిషిగా కూర్చోబెట్టి, పడవకి చిల్లు ఎలా పడిందో చెప్పే ముక్క దాని చేతికిచ్చింది.

"మాకు నలుగురు..."

"ఈ ముక్క లేకపోతే మీ కథ నీళ్ళలో ఆగిపోతుంది. మీ ఇష్టం."

పెద్ద మేడం వెనక బెంచీలో కూర్చుంది. గంటమ్మ కాగితం మీదకి వంగి గొణిగింది.

"ఏమే, నోట్లో ఏమైనా పెట్టుకున్నావా? గట్టిగా చదువు!"

మళ్ళీ గొణుగుడు.

"వినపడట్లేదు! వినపడట్లేదు టీచర్! చిల్లు ఎక్కడ పడిందంటే చెప్పదేం?"

"నువ్వు నోరు మూస్తేగా వినపడేది!" అంది గంటమ్మ.

జట్టంతా తెల్లబోయింది. తర్వాత ఒక్కసారిగా పకపకా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది వాగుడుకాయే. చేత్తో నోరు మూసుకుని, చెవి తీసుకొచ్చి దాని భుజానికి ఆనించింది. గంటమ్మ చదవడం మొదలుపెట్టింది.

గడియారం ప్రకారం గంట నొక్కాల్సిన వేళయింది. గంట ఇప్పుడు టీచరమ్మ చేతి కిందే ఉంది. పిల్ల వాక్యం మధ్యలో ఉంది. టీచరమ్మ నొక్కలేదు. చదవడం అయిపోయిన మిగతా జట్లు మాటల్లో పడ్డాయి, మాటలు అరుపులయ్యాయి, పక్క క్లాసు టీచరు వచ్చి తొంగిచూసి వెళ్ళింది.

పీరియడ్ అయ్యాక పెద్ద మేడం నెమ్మదిగానే అంది. "నిన్నటిదాకా గడియారంలా నడిచింది కదమ్మా. చూసి చూసి ఇవాళే సంతగా మార్చావేం?"

"ఒక పిల్ల ఇన్నాళ్ళకి నోరు విప్పింది మేడం. ఆపబుద్ధి కాలేదు."

"అర్థమైంది. కానీ పక్క క్లాసులు కూడా నడవాలిగా. వచ్చే ఏడాది నువ్వు చిన్న తరగతి తీసుకో. ఇది సీనియర్లకి ఇస్తాను."

"సరే మేడం" అంది. బల్ల మీది గంట తీసి సంచిలో వేసుకుంది.

మధ్యాహ్నం వరండాలో పిల్లలు వరుసగా కూర్చుని తింటున్నారు. "గంటమ్మా, ఇటు జరగవే! అది సరే, ఆ ముసలాయన చిల్లుని కాలితో మూయొచ్చుగా?" అని వాగుడుకాయ అరుస్తోంది. గంటమ్మ నోటినిండా ముద్ద పెట్టుకునే ఏదో ఎదురు చెబుతోంది. ఎవరూ టీచరమ్మ వైపు చూడటంలేదు.

ఆవిడ చివరి మెట్టు మీద కూర్చుంది. డబ్బా కోసం సంచిలో చెయ్యి పెడితే గంటకి తగిలి టింగుమంది. ఒక్క తల కూడా తిరగలేదు. స్టాఫ్ రూమ్ కిటికీలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆవిడ గంట మీద చేతిరుమాలు కప్పి, డబ్బా మూత తీసింది.