పేరు లేని చోట పిచ్చుక

మా నీళ్ళ ఆఫీసు నుంచి ఊరందరికీ ఒకేసారి ఈమెయిల్ పంపే ప్రోగ్రాము నేనే రాశాను. నాలుగేళ్ళుగా దాని ఆలనాపాలనా నాదే. అది సవ్యంగా నడిచినన్నాళ్ళు నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు.

పేరు నమోదు కాని వాళ్ళకు పేరు చోట 'ఖాతాదారు' అని పడాలి. పోయిన వారం పరీక్షించేటప్పుడు అక్కడ 'పిచ్చుకా' అని పెట్టి, తీయడం మర్చిపోయాను. పిచ్చుక మా చెల్లెలు. తొమ్మిదేళ్ళ కిందట నాతో గొడవపడి ఇల్లు వదిలి వెళ్ళింది, మళ్ళీ జాడ లేదు. ఖాళీ గడి కనిపిస్తే నా వేళ్ళు ఆ పేరే కొడతాయి, ఏం చేయను.

మంగళవారం ఉదయం పేరు లేని పదకొండు వేల మందికి వెళ్ళిపోయింది: "పిచ్చుకా, రేపు పది గంటల నుంచి నీళ్ళు రావు."

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. జవాబులు వచ్చిపడ్డాయి. తనకు ఎనభై ఏళ్ళనీ, పిచ్చుక అని పిలిపించుకోవడం ఇదే మొదటిసారనీ ఒకాయన రాశాడు. ఒకావిడ మాత్రం ఇలాగే పిలవమంది. నేను తల పట్టుకుని క్షమాపణ రాస్తుంటే ఇంకొకటి వచ్చింది.

"అక్కా, నేనని ఎలా తెలిసింది?"

అడ్రసులో అంకెలు తప్ప పేరు లేదు. కాసేపటికి అదే మాట ఇంకో అడ్రసు నుంచి వచ్చింది. మధ్యాహ్నానికి అలాంటివి పదిహేడు అయ్యాయి.

పక్క బల్ల దగ్గర సర్వర్లు చూసే అన్న తొంగి చూశాడు. "ఎవరో నిన్ను ఆటపట్టిస్తున్నారమ్మా."

"పదిహేడు మందా? నీళ్ళ ఆఫీసు పేరుతో వెళ్తే 'అక్కా' అని ఎలా రాస్తారన్నా?"

ఆయన ఆ అడ్రసులు ఒక్కొక్కటే వెతికాడు.

"ఇవన్నీ చెల్లని అడ్రసులు. పంపినవి తిరిగొస్తున్నాయని నీ ప్రోగ్రామే ఎప్పుడో వీటిని పక్కన పెట్టింది. పొద్దున వీటికి ఏమీ వెళ్ళలేదు."

"వెళ్ళకుండా జవాబు ఎలా వస్తుంది?"

"నన్నడిగితే? వదిలెయ్ తల్లీ. నా మాట విను."

నేను ఒకరి మాట వింటే కదా. ఆ పదిహేడింటికీ అడ్డు తీసేసి ఒకే ఒక్క ప్రశ్న పంపాను. వెళ్ళే రోజు నేను నీతో ఏమన్నాను? అది మా ఇద్దరికే తెలుసు. చెప్పే మొహం లేక అమ్మకు కూడా చెప్పలేదు.

నిమిషం తిరక్కుండా పదిహేడు జవాబులు, ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చాయి. "నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఎవరికీ ఏ లోటూ ఉండదు అన్నావు."

ఏడుపొచ్చింది. భయం వెయ్యలేదని అనను. కానీ తొమ్మిదేళ్ళుగా ఆ మాట వెనక్కి తీసుకుందామంటే ఎదురుగా మనిషి లేదు. వీళ్ళలో పదహారు మంది అబద్ధమైనా ఒక్కతి నిజమైతే చాలనుకున్నాను. ఆ ఒక్కతి ఎవరో నిదానంగా తేల్చుకునే ఓపిక నా ఒంట్లోనే లేదు.

అందరికీ కలిపి పంపాను: "తప్పు నాదే. ఇంటికి వచ్చెయ్యవే. అమ్మ ఇంట్లోనే ఉంది."

అన్న తెర వంక చూస్తూ, "చేరాయి. పదిహేడూ," అన్నాడు. తర్వాత కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

మూడింటికి అమ్మ ఫోను చేసింది.

"ఒసేయ్, పిచ్చుక వచ్చిందే."

ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయిందో.

"అదేనా అమ్మా? సరిగ్గా చూశావా?"

"కన్నదాన్ని, నాకు తెలియదూ? సోఫాలో కూర్చుంది. చిక్కిపోయింది పాపం. నీ గురించే అడుగుతోంది. ఉండు, ఎవరో బెల్లు కొడుతున్నారు."

"అమ్మా, తలుపు తియ్యకు."

అప్పటికే ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్ళింది. గడియ తీసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.

అమ్మ మళ్ళీ ఫోను అందుకుంది. గొంతు మామూలుగానే ఉంది.

"ఇది కూడా మన పిచ్చుకేనే," అంది. "ఇద్దరూ నువ్వెప్పుడొస్తావని అడుగుతున్నారు."

ఆమె వెనక బెల్లు మళ్ళీ మోగింది.